ఎలుకలకు చోటిచ్చిన మ్యూజియము

మ్యూజియము అనగానే మనలో చాలామందికి హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమే గుర్తుకు వస్తుంది. 1951లో ప్రజల కొరకు తెరచిన ఆ మ్యూజియమునకు పిల్లలను తీసికొని వెళ్లినవారు, ముసుగు వేసికొన్న రిబ్కా పాలరాతి విగ్రహమును చూచి ఆశ్చర్యపడతారు. గంటల గడియారము ముందు గుంపుగా నిలబడి, చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే క్షణము కొరకు ఎదురు చూస్తారు. అది తప్పక చూడవలసిన చోటే. అయితే ఆ వస్తువులు ఎవరివి? ఒక నవాబు కుటుంబము సేకరించినవి. మన తాత దున్నిన నాగలి, మన నాయనమ్మ తిప్పిన తిరగలి అక్కడ ఉండవు. ఉండాలని మనము అనుకోము కూడ. మ్యూజియము అంటే గొప్పవారి వస్తువులు ఉండే చోటు, మనము టిక్కెట్టు కొని చూచి వచ్చే చోటు అనే తలంపు మన మనస్సులలో స్థిరపడిపోయింది.

ఈ తలంపును తలక్రిందులు చేసిన ఒక పేట ఉన్నది. అది అమెరికా రాజధానియైన వాషింగ్టన్ నగరములోనిది. పేరు అనకోస్టియా. అక్కడివారు తమ పేటలోనే, తమ చేతులతో, తమ కొరకు ఒక మ్యూజియమును నిలబెట్టుకొన్నారు. దానిని 20 సంవత్సరములకు పైగా నడిపించినవాడు ఒక సంఘకాపరి. వారి అనుభవములో మన పల్లెలకు, మన పేటలకు పనికివచ్చే పాఠము ఉన్నది గనుక దానిని ఇక్కడ వివరిస్తున్నాము.

నది అవతలి పేట

వాషింగ్టన్ నగరపు నడిబొడ్డున స్మిత్‌సోనియన్ అనే గొప్ప సంస్థ ఉన్నది. జేమ్స్ స్మిత్‌సన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు విడిచి వెళ్లిన ఆస్తితో 1846లో అది స్థాపించబడింది. దాని మ్యూజియములను చూచుటకు లోకమంతటినుండి జనము వస్తారు. ప్రవేశమునకు రుసుము లేదు. అయినను కొద్ది మైళ్ల దూరములో, నదికి అవతలి ఒడ్డున ఉన్న అనకోస్టియా వాసులలో చాలామంది ఆ గడప తొక్కేవారు కారు. తలుపు తెరచియున్నంత మాత్రాన, అది తనకొరకే తెరచియున్నదని పేదవానికి తోచదు కదా!

ఆ పేటకు చరిత్ర లేక కాదు. 1854లో అక్కడ ఒక కాలనీ వేసినప్పుడు, నల్లజాతివారికి స్థలము అమ్మరాదని దస్తావేజులలోనే వ్రాసిపెట్టారు. అయితే 1877లో, ఒకప్పుడు బానిసగా ఉండి తప్పించుకొని వచ్చి, దేశమంతటా పేరు పొందిన వక్తయైన ఫ్రెడరిక్ డగ్లస్, ఆ కాలనీ వేసిన వ్యాపారులలో ఒకరికి చెందిన కొండమీది ఇంటినే కొని, 1895లో మరణించువరకు అందులోనే నివసించారు. దానికి చేరువలోనే మరియొక సంగతి జరిగింది. బానిసత్వమునుండి విడుదలయైన కుటుంబముల కొరకు 1867లో ప్రభుత్వ శాఖయొకటి 375 ఎకరముల పొలమును కొని, ముక్కలుగా చేసి వారికి అమ్మింది. వారు పగలంతా నగరములో కూలిపని చేసి, సాయంత్రము నది దాటి వచ్చి, లాంతరు వెలుగులో తమ ఇళ్లు తామే కట్టుకొన్నారు.

ఇంత చరిత్ర ఉన్న పేట 1960ల నాటికి నగరములోని బీద ప్రాంతములలో ఒకటైపోయింది. నగరాభివృద్ధి పేరుతో వేరొక చోట ఇళ్లు కూల్చగా నిరాశ్రయులైన నల్లజాతి కుటుంబములు అనేకము అక్కడికే వచ్చి చేరాయి. లాంతరు వెలుగులో కట్టిన ఇళ్ల సంగతి వృద్ధులకు తెలుసు. బడిపిల్లల పుస్తకములలో మాత్రము అది లేదు.

ఖాళీ సినిమాహాలు

అప్పుడు స్మిత్‌సోనియన్‌కు అధిపతిగా ఉన్న డిలన్ రిప్లీకి ఒక ఆలోచన వచ్చింది. జనము మ్యూజియమునకు రానప్పుడు, మ్యూజియమే జనము దగ్గరకు ఎందుకు వెళ్లరాదు? ఏ పేటలో పెట్టాలా అని చూస్తుండగా అనకోస్టియా వాసుల సంఘము ముందుకు వచ్చి, మా దగ్గర పెట్టండి అని కోరింది. బజారు వీధిలో కార్వర్ థియేటర్ అనే సినిమాహాలు మూతబడి ఉన్నది. దానిని బాగుచేసే పనిలో ఇరుగుపొరుగువారు, యువకులు చేతులు కలిపారు. ఏమి పెట్టాలి, ఎలా నడపాలి అని చెప్పుటకు పేటవారితో ఒక సలహా సంఘము ఏర్పడింది.

దానిని నడిపించుటకు పేరుమోసిన మ్యూజియము అధికారిని తీసికొని రాలేదు. జాన్ కినార్డ్ అనే 30 ఏళ్ల సంఘకాపరిని నియమించారు. ఆయన వాషింగ్టన్‌లోనే పుట్టి పెరిగినవాడు. హుడ్ వేదాంత కళాశాలలో చదివి, ఆఫ్రికాలో యువకుల సేవాకార్యములలో పాల్గొని తిరిగి వచ్చినవాడు. మ్యూజియము పనిలో ఆయనకు ఏ అనుభవమును లేదు. అయితే ఇంటింటికి వెళ్లి మనుష్యుల కష్టసుఖములు వినుట ఆయనకు తెలుసు. ఆ పనికి అదే ముఖ్యమని తరువాత తేలింది.

1967 సెప్టెంబరు 15న బ్యాండుమేళముతో, వీధి విందుతో ఆ మ్యూజియము తెరువబడింది. లోపల ఏమున్నవి? 1890ల నాటి అనకోస్టియా కిరాణాకొట్టు నమూనా ఒకటి. అందులో చేతితో తిప్పే కాఫీ మర, నీళ్ల పంపు, కుట్టుమిషను ఉండేవి. పిల్లలు వాటిని తిప్పి చూడవచ్చును. జంతుప్రదర్శనశాలనుండి అరువు తెచ్చిన కోతులు, ఒక చిలుక కూడ ఉండేవి. విప్పి మరల అమర్చగల ఎముకల గూళ్లు ఉండేవి. ముట్టరాదు అనే బోర్డు కాక, ముట్టి చూడండి అనే పద్ధతి అక్కడ నడిచింది.

పిల్లలు చెప్పిన మాట

అంతవరకు జరిగినది మంచిదే గాని, అది ఇంకను పెద్ద మ్యూజియము పేటకు తెచ్చి ఇచ్చిన కానుకగానే ఉన్నది. దానిని పేటవారి సొత్తుగా మార్చినవి ఎలుకలు! మన చదువరులకు ఇది వింతగా తోచవచ్చును.

మ్యూజియమునకు వచ్చే పిల్లలతో మాట్లాడుచుండగా వారి ఇళ్లలోని ఎలుకల సంగతి బయటికి వచ్చింది. ఆ పేటలో ఎలుకలు చిన్న సంగతి కావు. చెత్త ఎత్తని సందులలో, పగిలిన గోడలలో అవి పెరిగిపోయి, నిద్రించే పసిబిడ్డలను కరిచేవి. అమెరికా బస్తీలన్నిటిలోను ఇదే బాధ. 1967 జూలైలో, అనగా ఈ మ్యూజియము తెరువబడుటకు రెండు నెలల ముందు, ఎలుకల నిర్మూలనకు నిధులు కోరిన బిల్లు అమెరికా ప్రతినిధుల సభకు వచ్చినది. కొందరు సభ్యులు దానిమీద హాస్యములాడారు, సభ దానిని త్రోసివేసినది. జనము మొరపెట్టిన తరువాతనే ఆ సంవత్సరములో నిధులు మంజూరయ్యాయి. ఎలుక కరిచిన బిడ్డ తల్లికి ఆ నవ్వులు ఎలా వినబడి ఉంటాయో మనము ఊహించుకొనవచ్చును.

సభలో నవ్వులపాలైన ఆ బాధను మ్యూజియము తన గదిలోనికి తెచ్చింది. 1969 నవంబరులో ఎలుకలను గూర్చిన ప్రదర్శన మొదలైంది. మనిషి తానే పిలిచి తెచ్చుకొన్న పీడ అని దాని పేరునకు అర్థము. చెత్తాచెదారముతో నిండిన ఒక పెరటిని అక్కడ అమర్చి, అందులో నిజమైన ఎలుకలనే విడిచిపెట్టారు. అవి ఎలా బ్రతుకుతాయి, ఏమి తింటాయి, ఏ రోగములు తెస్తాయి, వాటిని ఎలా అరికట్టవచ్చును అని జనము కళ్లార చూచి నేర్చుకొన్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎలుక అందమైన వస్తువు కాదు, పురాతనమైనది కాదు, ఎవరును దానిని అద్దాల పెట్టెలో పెట్టి దాచరు. అయితే ఆ పేటవారి బ్రతుకులో అది నిజము. మీ బాధ కూడ చూపదగినదే, దానిని గూర్చి మాట్లాడుట సిగ్గు కాదు అని మ్యూజియము వారితో చెప్పినట్టయింది. 1970లో లోర్టన్ చెరసాలను గూర్చి కూడ ప్రదర్శన జరిగింది. పేటలోని ఎన్నో కుటుంబములకు తెలిసినా, ఎవరును పైకి మాట్లాడని సంగతి అది.

1972లో పేట చరిత్రనే ప్రదర్శించారు. వృద్ధుల జ్ఞాపకములను వారి నోటనే విని నమోదు చేసికొన్నారు. లాంతరు వెలుగులో ఇళ్లు కట్టినవారి సంగతి ఆ విధముగా వారి మునిమనుమల కళ్ల ఎదుటికి వచ్చింది.

కినార్డ్ 1989లో, 52 ఏళ్ల వయస్సులో మరణించారు. దానికి రెండు సంవత్సరముల ముందు, 1987లో, మ్యూజియము బజారు వీధిలోని పాత సినిమాహాలును విడిచి, కొండమీది పార్కులో కట్టిన క్రొత్త భవనమునకు మారింది. క్రొత్త భవనములో వస్తువులకు భద్రత పెరిగింది. అయితే అంగడికి వచ్చినవాడు అలా లోపలికి తొంగి చూచి పోయే సౌకర్యము కొండమీద ఉండదు. మ్యూజియము ఎక్కడ పెట్టాలి అని ఆలోచించేవారు ఈ రెండు సంగతులను తూచి చూడాలి.

పేటయే లేకుండ పోయినప్పుడు

అనకోస్టియాలో పేట నిలిచియున్నది, జనము అక్కడే ఉన్నారు. పేటనే కూల్చివేసి, జనమును చెదరగొట్టితే ఏమి చేయాలి? దీనికి జవాబు దక్షిణ ఆఫ్రికాలోని కేప్‌టౌన్ నగరములో దొరుకుతుంది.

అక్కడ ఆరవ డివిజను అనే పేట ఉండేది. విడుదలయైన బానిసలు, చేతిపనివారు, చిన్న వర్తకులు, ఓడరేవు కూలీలు, అనేక జాతుల, మతముల ప్రజలు అందులో కలిసిమెలిసి జీవించారు. 1966 ఫిబ్రవరి 11న ఆనాటి జాతివివక్ష ప్రభుత్వము ఆ పేట ఇకమీదట తెల్లవారిదేనని ప్రకటించింది. ఆ తరువాతి సంవత్సరములలో 60,000 మందికి పైగా వెళ్లగొట్టబడి, నగరమునకు దూరముగా ఇసుక మైదానములలో పడవేయబడ్డారు. బుల్‌డోజర్లు ఇళ్లన్నిటిని నేలమట్టము చేశాయి. దేవాలయములు, మసీదులు కొన్ని మాత్రమే మిగిలాయి.

1994లో జాతివివక్ష పాలన అంతరించిన తరువాత, అదే సంవత్సరము డిసెంబరులో, ఒక పాత మెథడిస్టు దేవాలయములో ఆరవ డివిజను మ్యూజియము తెరువబడింది. కొద్ది దినముల కొరకని మొదలుపెట్టిన ప్రదర్శన, జనము వస్తూనే ఉన్నందున మూయవలసిన అవసరము రాలేదు. ఇళ్లు కూల్చే పనిలో ఉన్న ఒక మనిషి, ఆ వీధుల పేరు పలకలను పారవేయక ఇన్ని సంవత్సరములు దాచియుంచాడు. వాటిని తెచ్చి అక్కడ వ్రేలాడదీశారు. నేలమీద పేట అంతటి పటమును పెద్దదిగా పరచారు. వెళ్లగొట్టబడినవారు వచ్చి, ఆ పటముమీద మోకరించి, మా ఇల్లు ఇక్కడ ఉండేది అని తమ చేతితో పేరు వ్రాశారు. తెల్లని గుడ్డ తాను ఒకటి పెట్టారు. దానిమీద వచ్చినవారు తమ పేరు, తమ జ్ఞాపకము వ్రాసి పోతారు. తరువాత ఆ అక్షరముల వెంబడి దారముతో కుట్టుతారు. అందువలన అవి చెరిగిపోవు.

ఆ జ్ఞాపకములు కన్నీళ్లతో ఆగిపోలేదు. తమ స్థలములను తిరిగి ఇమ్మని అడుగుటకు చెదరినవారు కూడుకొన్న చోటు అదే. 2004 ఫిబ్రవరి 11న, అనగా ఆ ప్రకటన వచ్చి సరిగ్గా 38 సంవత్సరములు గడిచిన దినమున, 80 ఏళ్లు దాటిన ఇద్దరు వృద్ధులకు తిరిగి కట్టిన ఇళ్ల తాళపుచెవులు నెల్సన్ మండేలా చేతులమీదుగా అందాయి. అందరికి ఇంకను న్యాయము జరుగలేదు. అయినను పేట ఉండినది అనుటకు సాక్ష్యము నిలిచియున్నది.

మన ఊరిలో ఎలా?

ఇవన్నీ గొప్ప నగరముల సంగతులు, మన పల్లెకు ఏమి పని అని అనుకొనకూడదు. మనలో చాలామంది పూర్వికులు ఊరి చివర పేటలలో జీవించినవారు. గ్రామ చరిత్ర అని ఎవరైనా వ్రాస్తే అందులో కోట ఉంటుంది, గుడి ఉంటుంది, దొరగారి మేడ ఉంటుంది. చెరువు కట్ట మట్టి మోసినవారి పేర్లు ఉండవు. పేటకు మొదటి మంచినీళ్ల బావి ఎవరు త్రవ్వారు, మొదటి బడి ఏ పాకలో నడిచింది, టీకొట్టులో రెండు గ్లాసుల పద్ధతిని ఎదిరించినవారెవరు అనే సంగతులు వృద్ధుల నోళ్లలోనే ఉన్నాయి. ఆ వృద్ధుడు కన్నుమూస్తే ఆ పుస్తకము మూతబడినట్టే.

శ్రీశైలము జలాశయము క్రింద ఊళ్లు పోగొట్టుకొన్నవారు, పోలవరము ముంపు గ్రామములవారు మన మధ్య ఉన్నారు. వారి పాత ఊరిని నేలమీద ముగ్గుపిండితో గీయమని అడిగి చూడండి. వీధి వీధి, ఇల్లు ఇల్లు, చెట్టు చెట్టు గీసి చూపిస్తారు. దానిని కాగితముమీదికి ఎక్కించితే అదే మ్యూజియములో మొదటి వస్తువు అవుతుంది.

ఈ పనికి పూనుకొనేవారు ఈ క్రింది సంగతులు గమనించాలి.

మొదట అడగాలి. ఏమి దాచాలి అని నలుగురు చదువుకొన్నవారు కూర్చుండి తీర్మానించరాదు. స్త్రీలను, కూలి జనమును, కుర్రవాళ్లను వేరువేరుగా కూర్చుండబెట్టి అడగాలి. అందరు కలిసిన చోట పెద్దలే మాట్లాడతారు, కోడళ్లు నోరు తెరువరు.

చోటు అందరు వచ్చేదై ఉండాలి. బడిలో వాడని గది, గ్రంథాలయపు వరండా, పంచాయతీ ఆఫీసులో ఒక మూల, ఏదైనా చాలును. ఒక కులమువారు గాని, ఒక మతమువారు గాని లోపలికి రాలేని చోటైతే అది పేట మ్యూజియము కాదు. దేవాలయపు గది ఇచ్చినను, ఇది ఊరందరిది అని ముందుగానే చెప్పాలి.

రిజిస్టరు పెట్టాలి. వస్తువు ఏమిటి, ఎవరిది, ఎవరు వాడారు, ఏ తేదీన ఇచ్చారు, శాశ్వతముగా ఇచ్చారా లేక కొంతకాలము కొరకేనా అని వ్రాసి సంతకము గాని వేలిముద్ర గాని తీసికొనాలి. ఈ జాగ్రత్త లేక ఎన్నో మంచి పనులు తగవులలో ముగిసిపోయాయి. ఫోటోలైతే సెల్‌ఫోనులో నకలు తీసికొని, అసలు ప్రతిని ఇంటివారికే తిరిగి ఇవ్వవచ్చును. ఫోటో వెనుక పేర్లు వ్రాయవలసివస్తే మెత్తని పెన్సిలుతో మెల్లగా వ్రాయాలి. పెన్ను సిరా ఇటువైపునకు దిగి బొమ్మను పాడుచేస్తుంది.

వస్తువు వెంట మాట ఉండాలి. మానిక, తవ్వ, సోల, మోట బొక్కెన, కవ్వము, మగ్గపు నాడె వరుసగా పేర్చిపెట్టినంత మాత్రాన అవి పాత సామాన్లే. ఈ మానికతో కొలిచి ఇచ్చిన గింజలతో ఎంతమంది కడుపులు నింపుకొన్నారో ఆ ఇంటి అవ్వ చెప్పగా వ్రాసి ప్రక్కన పెట్టితే అప్పుడు అది చరిత్ర అవుతుంది. ఆమె గొంతును సెల్‌ఫోనులో రికార్డు చేయుట నేడు ప్రతి కుర్రవానికి తెలిసిన పనియే. అయితే ఆమె అనుమతి తీసికొని చేయాలి, ఇది బయటికి చెప్పవద్దు అన్న మాటను చెప్పకూడదు.

శుభ్రము పేరుతో పాడుచేయరాదు. పాత ఇత్తడిని చింతపండుతో తోమి తళతళలాడించుట, పాత చెక్కకు రంగు వేయుట వలన చేతులు ముట్టిన గుర్తులు పోతాయి. దుమ్ము దులిపి, తడి తగులకుండ, చెదలు పట్టకుండ నేలకు ఎత్తుగా పెట్టి, నెలకొకసారి తీసి చూస్తే చాలును.

చివరిది, అన్నిటికంటె కష్టమైనది. బాధపెట్టే సంగతులకు కూడ చోటివ్వాలి. అనకోస్టియావారికి ఎలుకలు ఎలాగో, మన ఊరికి ఏదో ఒకటి ఉంటుంది. ఫ్లోరైడు నీళ్లతో వంగిపోయిన నడుములు కావచ్చును. సారా కొట్టు కూల్చిన తల్లుల పోరాటము కావచ్చును. వెట్టిచాకిరి కావచ్చును. ఇప్పుడెందుకు అవన్నీ, ఊరికి చెడ్డపేరు అనే పెద్దమనుష్యులు తప్పక ఉంటారు. వారిని అవమానించనక్కరలేదు. అయితే వారికి భయపడి ఆ సంగతిని తీసివేస్తే, మిగిలేది అందమైన అబద్ధము. జరిగినది జరిగినట్టు, పగ లేకుండ, పేరు పెట్టి ఎవరిని దూషించకుండ చెప్పే పద్ధతి ఉన్నది. దానిని అందరు కలిసి కూర్చుండి వెదకాలి.

మన చదువరులకు యొర్దాను ఒడ్డున నిలువబెట్టిన పన్నెండు రాళ్ల సంగతి తెలుసు. పిల్లలు అడిగినప్పుడు పెద్దలు జవాబు చెప్పుటకే అవి నిలువబెట్టబడ్డాయి. అయితే ఆ రాళ్లను యెహోషువ ఒక్కడే మోయలేదు. గోత్రమునకు ఒకడు చొప్పున ఎత్తుకొని వచ్చారు. పేట మ్యూజియము కూడ అట్టిదే. ఒక ధనవంతుడు కట్టించి ఇచ్చేది కాదు, ఒక కాపరి గాని ఒక మేష్టారు గాని తలకెత్తుకొని చేసేది కాదు. ఇంటికొకరు తమ భుజముమీద తమ రాయిని మోసికొని రావాలి.

డబ్బు లేదు, భవనము లేదు అని ఆగనక్కరలేదు. మీ పేటలో అందరికంటె వృద్ధురాలు ఎవరో మీకు తెలుసు. ఈ వారములోనే ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు తీసికొని, మీ ఇంటి పిల్లలను వెంటబెట్టుకొని, ఆమె అరుగుమీద కూర్చుండండి. మీ చిన్నప్పుడు ఈ పేట ఎలా ఉండేదమ్మా అని పిల్లలచేతనే అడిగించండి.